హలోకు పళ్ళక్కర్లేదు

"దూది కరిచి పట్టుకోమ్మా. నేను చెప్పేదాకా నోరు తెరవద్దు, మాట్లాడొద్దు," అని చెప్పి డాక్టరు వెంకటేశులు చేతులు కడుక్కోవడానికి పక్కగదిలోకి పోయాడు. మాట్లాడొద్దంటే జాహెదాకు అందులో కష్టమేముంది. మూడేళ్ళుగా చేస్తున్న పనే అది. కుర్చీ వెనక్కి వాల్చి ఉంది, కాళ్ళు తలకంటే కొంచెం పైకి లేచినట్టున్నాయి, పైన ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఒకచోటికి వచ్చేసరికి కిర్రుమంటోంది. సూదిమందు ఇచ్చిన దగ్గర్నుంచి పైపెదవి ఉందో లేదో తెలియడం లేదు, ఎవరిదో పెదవి తెచ్చి తన మొహానికి అంటించినట్టుంది. దాని వెనక, చలికాలంలో ఎముకలోకి దించిన రెండు మరలు. చిగురు వాటిమీద పెరిగి కప్పేస్తే ఈరోజు కొంచెం కోసి, వాటిమీద సిమెంటు పెట్టి, నాలుగు పళ్ళు దిగేసి నొక్కి పట్టుకున్నాడు డాక్టరు. నాలుగూ విడివిడి పళ్ళు కావు, ఒకదానికొకటి అతికిన ఒకటే ముక్క. దిగేసే ముందు అరచేతిలో పెట్టి చూపించాడు. "ఒక్కో పన్ను ఒంటిగా నిలబడితే తట్టుకోలేదమ్మా, అందుకని కలిపి పోత పోయించినాను, కొరికేటప్పుడు బరువు నాలుగూ పంచుకుంటాయి," అన్నాడు. బెంగుళూరులో నేర్చుకొచ్చిన పని, తన చేత్తో ఇట్లాంటివి చేసింది ఇంకా కొద్దిమందికే అని కూడా దాచకుండా చెప్పాడు. ఆ కొద్దిమందిలో తనొకతె. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ధైర్యం కూడా కాదేమో, అలసట. ఆ తీసిపెట్టుకునే ప్లేటుతో ఇంక వేగలేననిపించడం.

కిటికీ అవతల మదనపల్లె ఎండలో లారీలు టమాటా బుట్టలతో మూలుగుతూ పోతున్నాయి. వెంటనే బస్సు హారను, తర్వాత కండక్టరు గొంతు: పుంగనూరు, పలమనేరు, కుప్పం, కుప్పం, కుప్పం. చివరి ఊరిని ఎందుకో మూడుసార్లు అరుస్తారు. అరిచిన ప్రతిసారీ దూది కింద పళ్ళు బిగుసుకుంటున్నాయి, కొత్తవీ పాతవీ అన్నీ. బయట బెంచీ మీద భర్త జిలాన్ కూర్చుని ఉంటాడు. కూర్చున్నాడంటే నిద్రపోయినట్టే. పొద్దుటి బస్సుకు ముందే లేచి ఒక పెట్టెకు రంగు పూసి ఆరబెట్టి వచ్చాడు, గోళ్ళ కింద ఇంకా పచ్చరంగు. ఇనప పెట్టెల మీద పువ్వులు వేయడంలో పుంగనూరులో అతని చేతికి సాటి లేదంటారు. ఒకప్పుడు చిలకలు కూడా వేసేవాడు. ఇప్పుడు వేయడు. అడిగినవాళ్ళకు పువ్వులే, తీగలే. చిలకలు రావంటాడు, రాక కాదు.

హలోకు పళ్ళక్కర్లేదు. అది జాహెదా ఈ మూడేళ్ళలో కనిపెట్టిన సంగతి. హలో అనడానికి గొంతూ నాలుకా చాలు. ఒకటి నుంచి పది దాకా ఇంగ్లీషులో చెప్పి చూస్తే తెలుస్తుంది ముందు పళ్ళ విలువ. వన్, టూ ఎట్లాగో గట్టెక్కుతాయి. ఫోర్ దగ్గర గాలి జారుతుంది. ఫైవ్ అనాలంటే పై పళ్ళు కింది పెదవిమీద ఆనాలి, ఆనడానికేమీ లేకపోతే ఆ మాట నోట్లోంచి ఉమ్మిలాగా పడుతుంది. సెవెన్ ఇంకా ఘోరం. టెలిఫోను ఎక్స్ఛేంజీలో బోర్డు ముందు కూర్చునే మనిషికి అంకెలు తప్ప వేరే మాటలేమున్నాయి గనక. చెవులకు హెడ్‌సెట్టు, ముందు చిల్లుల బోర్డు, చేతిలో తీగలు, ఎవరో ఒకరు ఎప్పుడూ ఎవరికోసమో అడుగుతూ ఉండటం. చింతపండు మండీవాళ్ళు మద్రాసుకు, పట్టుగూళ్ళ వ్యాపారులు కోలారుకు, సోమల నుంచి వచ్చి కౌంటరు దగ్గర కాచుక్కూర్చున్న రైతులు బెంగుళూరులో మిలిటరీ కొడుకులకు. అందరికీ జాహెదా గొంతు తెలుసు, మొహం తెలియదు. సంతలో పక్కన నిలబడి వంకాయలు ఏరుకుంటూ ఉన్నప్పుడు, నాలుగు మాటలు మాట్లాడగానే, అరే, టెలిఫోనమ్మ గదా నువ్వు, అని ఒక పెద్దాయన బుట్ట కింద పెట్టి దండం పెట్టాడు ఒకసారి. ఆ రోజు ఇంటికి వచ్చి జిలాన్‌కు చెప్పి ఎంత నవ్విందో. ఎందుకంత నవ్విందో ఇప్పుడు గుర్తు లేదు, నవ్వడం మాత్రం గుర్తుంది, నవ్వితే దవడలు నొప్పి పుట్టడం.

ఆ గొంతును అందరికంటే బాగా ఎరిగిన మనిషి కుప్పం ఎక్స్ఛేంజీలో మునిరత్నమ్మ. జాహెదా ఉద్యోగంలో చేరిన మొదటివారం, లైను ఎట్లా కలపాలో తెలియక తికమకపడుతుంటే అవతలినుంచి, "భయపడొద్దు బిడ్డా, నిదానంగా సెప్పు, ఎవురికి గావాల?" అన్న గొంతు. ఆ రోజునుంచి రత్నక్క. మధ్యాహ్నం డ్యూటీలో, కాల్సు పలచబడినప్పుడు, లైను ఊరికే పాడుబెట్టడమెందుకని మాటలు. ఉలవచారులోకి ఏం వేస్తారు, నెలవంక ఎప్పుడు కనపడుతుంది, కుప్పం స్టేషనులో రైలు ఈరోజు ఎంత ఆలస్యం. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. చూడాలని ఎప్పుడూ అనుకునేవాళ్ళు, రెండు ఊళ్ళ మధ్య దూరమేమంత లేదు, అయినా ఒకరికి సెలవుంటే ఇంకొకరికి ఉండేది కాదు. చివరికి రత్నక్క ఇల్లు కట్టుకుంది. పాలు పొంగించే రోజుకు రావాల్సిందే, రాకపోతే నీ లైను కలపను అంది. జిలాన్ చిన్న ఇనప పెట్టె ఒకటి చేశాడు, నీలం రంగు పూసి మూతమీద ఎదురెదురుగా రెండు చిలకలు వేశాడు, రత్నక్క గాజులు పెట్టుకోవడానికని. కుప్పం బస్సులో జాహెదా దాన్ని సీటు కింద పెట్టలేదు. రంగు గీసుకుపోతుందని ఒళ్ళో పెట్టుకుంది.

గంగవరం దాటాక మేకలు రోడ్డెక్కాయి. అంతే. డ్రైవరు బ్రేకు తొక్కాడు, బస్సు పక్కకు పోయి గట్టుకు కొట్టుకుంది, జాహెదా మొహం ఒళ్ళో ఉన్న పెట్టె అంచుమీదికి పోయింది. నొప్పి గుర్తు లేదు. నోట్లో ఏవో రాళ్ళు పడ్డాయని అనుకుని చేతిలోకి ఉమ్మడం గుర్తుంది. పక్కన కూర్చున్న ముసలామె, "అయ్యో తల్లీ, పండ్లమ్మా, నీ పండ్లు," అని తన కొంగు తెచ్చి మూతికి అదిమిపెట్టడం గుర్తుంది. ఆమె చీర పాడైపోతుందే అని దిగులు పడటం కూడా. తర్వాత ఇదే మదనపల్లెలో ఒక ఆసుపత్రి, కుట్లు, నెలల సెలవు. పై దవడలో ముందువైపు ఎముక కూడా కొంచెం విరిగిందన్నారు. జిలాన్ మంచం పక్కన కూర్చుని, పెట్టె అంచు మలిచి ఉండాల్సింది, నేనే మలచలేదు, అని ఒకేమాట అంటూ ఉండేవాడు. ఊరుకో అనడానికి అప్పుడు ఆమెకు నోరు లేదు.

ప్లేటు కట్టించారు. గులాబీ రంగు చిగురు, నాలుగు పళ్ళు, రెండు తీగ కొక్కేలు. అద్దంలో బాగానే ఉండేది, మాట్లాడితేనే వచ్చేది తంటా. ప అంటే కిందికి జారేది, ఫ అంటే ముందుకు. ఒకరోజు ఎవరో గట్టిగా అరుస్తూ నంబరు అడుగుతుంటే, తనూ గట్టిగా ఫైవ్ అనబోయేసరికి అది కాస్తా ఊడి బోర్డుమీద తీగల మధ్య పడింది. పక్క సీటు ఆదెమ్మ చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది. మంచిమనిషి ఆదెమ్మ. ఆ తర్వాత డ్యూటీలోకి వస్తూనే ప్లేటు తీసి రుమాల్లో చుట్టి సంచిలో వేసుకునేది జాహెదా. పళ్ళు లేకుండానే, మాటను తూచి తూచి, పెదవులు దగ్గరకు లాక్కుని, లోగొంతుతో. ఆ గొంతు తనకే కొత్తగా ఉండేది, ముసలిదీ కాదు, వయసుదీ కాదు, ఎప్పుడూ జలుబు చేసినదానిలా.

సెలవు అయిపోయి బోర్డుమీదికి వచ్చిన రోజు మధ్యాహ్నం కుప్పం లైను వెలిగింది. అవతల రత్నక్క, బస్సు సంగతి ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. హలో అంది జాహెదా. తర్వాత ఒక నంబరు చెప్పాల్సి వచ్చి చెప్పింది. అవతలినుంచి, "ఎవురమ్మా, కొత్తమ్మాయివా?" అని అడిగింది రత్నక్క. కాదక్కా, నేనే, అనాల్సింది. అంటే ఆ వెనకే మొదలవుతుంది, అయ్యో బిడ్డా నీ గొంతుకేమాయె, నా ఇంటికని వచ్చి గదా ఇట్లాయె, ఆ ఏడుపు, ఆ ఓదార్పు, ఇన్ని ఫలు ఇన్ని సలు ఉన్న మాటలన్నీ పలకాలి. ఆ మధ్యాహ్నం అంత ఓపిక లేకపోయింది. ఔను, అంది. పేరేమంటే పక్కింటి పిల్ల పేరు నోటికొచ్చింది. బషీరా. ఆ పేరులో ఫ లేదు, వ లేదు. మరి జాహెదా ఏమైందంటే, బదిలీ చేయించుకుని పోయిందంట, అంది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆదెమ్మతో అంటే, "నీ ఇష్టమమ్మా, నేనైతే నోరెత్తను," అంది, ఎత్తలేదు. రేపు అనేది రోజూ వచ్చింది. ఎంత ఆలస్యమైతే చెప్పడం అంత కష్టమైంది.

దూది తడిసి బరువెక్కింది. గొంతులోకి సిమెంటు వాసన. డాక్టరు ఇంకా రాలేదు, అవతల గదిలో ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. కళ్ళు మూసుకుంటే మూతల లోపల ఎరుపు. రత్నక్క మొదట్లో బషీరాతో జాహెదా గురించే చెప్పేది. "నీ ముందర ఆడ ఒగ పిల్ల ఉన్నింది. ఆ పిల్ల నవ్వితే లైనంతా నవ్వేది. ఒగ మాటన్నా సెప్పకుండా పోయింది సూడు. నేనేమన్నా అంటినా?" అని. అది వింటూ తనకు తనమీదే ఈర్ష్య పుట్టడం ఎంత వింత. పోయిన మనిషిని గురించి వాకిట్లో కూర్చుని చెప్పుకుంటుంటే ఆ మనిషే లోపల్నుంచి విన్నట్టు. మెల్లగా రత్నక్క ఆ పేరెత్తడం తగ్గించింది. బషీరా ఎక్కువ మాట్లాడదు, వింటుంది. ఊ అంటుంది. పళ్ళు లేని మనిషికి ఊ అనడం సులువు. ఆ ఊ వెనక ఏం చూసిందో రత్నక్క, ఒక వానాకాలం మధ్యాహ్నం ఉన్నట్టుండి చెప్పింది. కోలారు గనుల్లో పనిచేసే మొగుడు నెలకోసారి వస్తాడని ఊరంతటికీ చెప్తూ వచ్చింది గదా, అతను రాక ఏళ్ళయింది, అక్కడ వేరే సంసారం, పిల్లలు. కొత్తింటికి పాలు పొంగించిన రోజు కూడా రాలేదు. పక్కింటాళ్ళతో డ్యూటీ పడిందంట అని తనే చెప్పింది. "ఈ మాట నా అక్కసెల్లెండ్లకు గూడా తెలీదు బషీరా. నీకు సెప్తే మనసు నిమ్మళమైతాండాది. ఆ జాహెదాకైతే సెప్పుకోలేకపోతిని. ఆయమ్మ నవ్వేరకం. నవ్వేవాళ్ళకు ఏం సెప్తాము?"

ఏం చెప్తాము. నిజమే. ఆ మాట తగిలినంత లోతుగా పెట్టె అంచు కూడా తగల్లేదేమో. ఏళ్ళతరబడి ఉలవచారు గురించి మాట్లాడిన మనిషికి అవతల మనిషి వంట ఎవరికోసం చేస్తోందో తెలియలేదు. పళ్ళు పోయాక తెలిసింది. ఇప్పుడు పళ్ళు వచ్చాయి. ఈ మరలు దించుకున్న రోజునుంచీ ఒక ఉపాయం అల్లుకుంటూ వచ్చింది జాహెదా, ఇందాక ఈ కుర్చీ ఎక్కేదాకా అల్లుతూనే ఉంది. సోమవారం బోర్డుమీదికి పోయి, పాత గొంతుతో, అక్కా, నేను మళ్ళీ పుంగనూరుకే వచ్చేసినాను అనాలి. బషీరా ఏదంటే, పెళ్ళయిపోయింది, రాయచోటికి పోయింది. అంతే, అతుకు కనపడదు. ఏడాది రెండేళ్ళలో బోర్డు ఎత్తేసి నేరుగా నంబరు తిప్పుకునే యంత్రం పెడతారంట, అప్పుడు రత్నక్కా ఉండదు జాహెదా ఉండదు, ఈ రెండేళ్ళన్నా నవ్వుకుంటూ గడపచ్చు. కానీ రత్నక్క ఊరుకుంటుందా. బషీరా కూడా ఒక మాట చెప్పకుండా పోయిందా, అంటుంది. ఇద్దరూ అంతేనా అంటుంది. తర్వాత ఒకరోజు, మా ఆయప్ప మొన్న వచ్చిపోయినాడు జాహెదా, చీర తెచ్చినాడు, అని అబద్ధం చెప్తుంది, తను అవునా అక్కా అని నవ్వాలి. ఆ నవ్వు తలుచుకుంటేనే ఒళ్ళు బరువెక్కిపోతోంది. ఈ నాలుగు పళ్ళూ ఆ నవ్వు కోసమేనా. ఇంకొక అబద్ధం మొయ్యడానికి చాలినంత ఓపిక లేదు, మంచితనం వల్ల కాదు, నిజంగా లేదు, బావిలో నీళ్ళు అడుగంటినట్టు.

"చూద్దాం, తెరువమ్మా." డాక్టరు దూది లాగేశాడు, వేలితో నాలుగు పళ్ళనూ ముందుకూ వెనక్కీ నొక్కి చూశాడు. కదల్లేదు. అద్దం చేతికిచ్చాడు. వాచిన పెదవి కింద తెల్లగా, వరసగా, ఎవరివో. "ఏదన్నా మాట్లాడు." ఏం మాట్లాడాలో తోచక, ఫైవ్, అంది జాహెదా. పళ్ళు కింది పెదవిమీద ఆనాయి, మొద్దుబారిన పైపెదవే కదల్లేదు, మాట పాతదాని మాదిరే తడిగా జారింది. ఆమె మొహం చూసి డాక్టరు నవ్వాడు. "మత్తు దిగలేదు గదా. సాయంత్రానికి దిగుతాది. మాట తిన్నగా రావడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుందమ్మా. నీ నాలుక ఇన్నాళ్ళూ సందుకు అలవాటుపడి ఉండాది, ఇప్పుడు గోడకు అలవాటుపడాల. తొందర పడొద్దు."

తొందర ఏమీ లేదు. తొందరైతే మూడేళ్ళ కిందటే పడేది. అయినా ఆమె కళ్ళు డాక్టరు బల్లమీద నల్లటి ఫోనుమీదే ఉన్నాయి. అడిగింది. నేను పుంగనూరు ఎక్స్ఛేంజీలో పనిచేస్తాను సార్, కుప్పానికి ఒక్కమాట. చేసుకోమ్మా, అన్నాడతను, ఏడుస్తున్న పిల్లవాడి దగ్గరికి పోతూ. మదనపల్లె ఎక్స్ఛేంజీ అమ్మాయి సాటి ఉద్యోగం అని వెంటనే కలిపింది. ఇన్నేళ్ళలో బోర్డుకు ఇటువైపు నుంచి రత్నక్కను పిలవడం ఇదే మొదటిసారి. చెవిలో గరగర, తర్వాత ఆ గొంతు.

"హలో, కుప్పం."

"అక్కా."

"బషీరా! ఏం తల్లీ, మదనపల్లె లైన్లో వస్తాండావే. లీవు పెట్టినావా? ఒళ్ళు బాగుండాదా?"

మత్తెక్కిన పెదవి ఇంకా బషీరాదే. ఎంత సులువు, ఊ అంటే చాలు.

"అక్కా, నేను జాహెదాను."

"ఏ జాహెదా?"

"నీ జాహెదానే, నీ కొత్తింటికని వస్తా వస్తా బస్సులో పడినాను. పండ్లు పోయినాయక్కా, మాట పోయింది. కొత్తమ్మాయివా అని నువ్వడిగితే ఔనంటిని. అప్పుటినించీ నేనే. బషీరా అని ఈడ ఎవురూ లేరు."

గరగర. మధ్యలో ఎవరో, హలో హలో, అంటున్నారు. "ఒగ నిమిషం ఉండు," అంది రత్నక్క. దూరంగా ఆమె గొంతు, లైన్లో ఉండండి సార్, మద్రాసు కలుపుతాండాను సార్. ఆ గొంతులో ఏమీ లేదు, అలవాటు తప్ప. తలుపు దగ్గర జిలాన్ నిద్రమొహంతో వచ్చి నిలబడ్డాడు, ఆమె నోటివంక చూస్తూ.

"ఉండావా?"

"ఉండానక్కా."

"మా ఆయప్ప సంగతి నేను బషీరాకు సెప్పినాను. నీకు సెప్పలే."

"తెలుసక్కా. ఎవురికీ అనలేదు."

"అన్నావని నేనంటినా?" గొంతు ఒక్కసారి పైకి లేచి, అక్కడే విరిగింది. ఇప్పుడు తీగ లాగేస్తుంది, అనుకుంది జాహెదా. లాగేసినా సరే అనుకుంది. లాగేసినా ఈ పక్క ఒక్కతే మిగులుతుంది, ఇద్దరు కాదు. రత్నక్క ముక్కు చీదుకుంది.

"ఇప్పుడు యాడుండావు?"

"పండ్ల డాక్టరు కాడ. పండ్లు కట్టినారు."

"నొస్తాండాదా?"

"ఇంకా తెలీలే. మొద్దుబారి ఉండాది."

"మొద్దు దిగినాక నొస్తాది. మెత్తగా ఏమన్నా తిను, రాగంబలి తాగు. డ్యూటీ ఎప్పుడు?"

"సోమారం మద్దేనం."

"సోమారం లైన్లోకి రా. ఇద్దుర్నీ కలిపి తిట్టాల. ఇప్పుడు నాకు బోర్డు నిండా కాల్సుండాయి," అని తీగ లాగేసింది మునిరత్నమ్మ.

జాహెదా రిసీవరు పెట్టేసి, కాసేపు దానిమీదే చెయ్యి ఆనించి నిలబడింది. పెదవి ఒక మూల చీమలు పాకినట్టు మొదలైంది.

"ఏమంది?" అన్నాడు జిలాన్.

"తిడతాదంట," అంది జాహెదా.